దగ్గు వినిపించని ఇల్లు

తెల్లారి నల్లా వచ్చే వేళకు మట్టెవాడలోని ఆ సందులో బిందెల చప్పుడు మొదలైంది. ముందు గదిలో ఖాజా పాషా దగ్గు కూడా అప్పుడే అందుకుంది. ఫాతిమా బేగం చేతిలో బిందెను అక్కడే వదిలేసి, పరుగున వచ్చి సందు వైపు కిటికీ మూసి, గడియ పెట్టి, మందపాటి పరదా లాగింది.

"జర నోటికి రుమాల్ అడ్డం పెట్టుకోరాదు? సుగుణ నల్లా కాడనే ఉన్నది, ఇంటది."

"రుమాల్ పెడితె దగ్గు ఆగుతదానే?" అన్నాడాయన రొప్పుతూ. ఆయన పక్కలో ఏడాదిన్నర మనవరాలు మిస్బా తాత బనీను గుప్పిట్లో పట్టుకుని నిద్రపోతోంది.

ఖాజా పాషా దర్జీ. ఆయనకు టీబీ అని కిందటి చలికాలంలోనే తేలింది. ఊళ్లో చూపిస్తే నలుగురి కంట పడతామని ఫాతిమా ఆయనను పరకాల తీసుకుపోయి అక్కడొక డాక్టరుకు చూపించింది. మందులు పడ్డాయి, ఆకలి పుట్టింది, మొహం తేటపడింది. ఇక బాగైపోయింది కదా అని డాక్టరును అడగకుండానే మొగుడూ పెళ్లాం కలిసి మందులు ఆపేశారు. వానలు పడేసరికి దగ్గు తిరిగొచ్చింది. సరిగ్గా అప్పుడే కూతురు రూహికి హన్మకొండ సంబంధం కుదిరింది. నిఖా అయిన మర్నాడే దవాఖానకు పోదామంది ఫాతిమా. ఇంట్లో మిగతా ఎవరికీ ఈ సంగతి తెలియదు. పొగమంచు దగ్గు అన్నారు, బట్టల దుమ్ము దగ్గు అన్నారు, ఇల్లు నమ్మింది.

జాగ్రత్త లేని మనిషా అంటే, అయ్యో, కానే కాదు. భర్త పళ్లెం వేరు, గ్లాసు వేరు. వాటిని సలసల కాగే నీళ్లతో తనే కడిగేది, కోడలిని ముట్టుకోనిచ్చేది కాదు. షుగరు పథ్యమని సాకు చెప్పేది. పళ్లెం వేరు చేశాక ఇంకేం భయమని ఆమె ధీమా. అందుకే పిల్ల తాత దగ్గర పడుకుంటానని మారాం చేస్తే కాదనలేదు. సాయంత్రాలు అదే గదిలో రూహి సందు పిల్లలకు ట్యూషన్ చెప్పేది. అప్పుడూ ఆ పరదా పడే ఉండేది.

ఆ పొద్దున ఆశా కార్యకర్త భవాని గడపలో నిలబడి అడిగింది. "చాచీ, ఇంట్ల ఎవరికన్న దగ్గు ఎక్కువ రోజులసంది ఉన్నదా? తెమడ పరీక్ష చేయిస్తం, మందులు సుత ఫ్రీనే."

"మా ఇంట్ల అసొంటియేం లేవు బిడ్డా. చాయ్ తాగి పో," అంది ఫాతిమా నవ్వుతూ. భవాని చాయ్ తాగి వెళ్లింది.

ఆ వారంలోనే మిస్బాకు జ్వరం పట్టుకుంది. మందు వేస్తే తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. తిన్నదంతా కక్కేది. చివరికి ఒకనాడు తల్లి ఎంత పిలిచినా కళ్లు తెరవలేదు. పిల్ల తండ్రి హమ్మాద్ లారీ మీద నాగపూర్ పోయి ఉన్నాడు. అత్తాకోడళ్లే పిల్లను ఆటోలో వేసుకుని పెద్ద దవాఖానకు పరుగెత్తారు.

డాక్టరమ్మ పిల్ల మెడ ఎత్తి చూసింది. కట్టెలా బిగుసుకుపోయి ఉంది. "మెదడు పొరలకు వాపు వచ్చింది. ఏ రకమో పరీక్షలో తేలాలి, దానికి టైమ్ పడుతుంది. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా? ఉంటే చెప్పండి, రిపోర్టు కోసం చూడకుండా ఇప్పుడే ఆ మందులు మొదలుపెడతాను. ఆలస్యమైతే పాప దక్కదు."

ఫాతిమా నోరు తెరిచింది. సరిగ్గా మంచం అవతల, దానిమ్మ పండ్ల సంచి పట్టుకుని రూహికి కాబోయే అత్త షానూర్ బేగం నిలబడి ఉంది. పిల్లకు బాగాలేదని తెలిసి చూడటానికి వచ్చింది పాపం.

"లేదు మేడం," అంది ఫాతిమా.

"ఖచ్చితంగా?"

"మా ఇంట్ల ఎవరికి లేదు."

షానూర్ బేగం ధైర్యం చెప్పి వెళ్లిపోయింది. డాక్టరమ్మ పక్క మంచం దగ్గరికి నడిచింది. ఇప్పుడైనా చెప్పొచ్చు, ఎవరు ఆపారు? బట్టలు తెస్తానని ఫాతిమా ఇంటికి బయలుదేరింది. పరీక్షలో ఏదో ఒకటి తేలుతుందిలే అని దారి పొడుగునా తనకు తానే చెప్పుకుంది.

ఇంట్లో ఖాజా పాషా వాకిట్లోనే ఎదురొచ్చాడు. "డాక్టర్‌తోని నా సంగతి చెప్పినవా?"

ఫాతిమా బీరువా తెరిచి బట్టలు సర్దసాగింది.

"నిన్నే అడుగుతాన. చెప్పినవా లేదా?"

"ఏం సంగతి అబ్బా?" వంటింట్లోంచి రూహి వచ్చింది. ఆయన తలుపు పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. కూతురి మొహం చూడలేక గోడ వైపు తిరిగి ఉన్నదంతా చెప్పేశాడు.

రూహి తల్లి చేతిలోని బట్టలు లాక్కుని మంచం మీద విసిరికొట్టింది. "డాక్టర్ అడిగిందా అమ్మీ?"

"అడిగింది. షానూర్ బేగం ఆడనే ఉండె. నీ నిఖా ఆగిపోతదని..."

"నా పేరు తియ్యకు! నేను అడిగిన్నా నిన్ను? మిస్బా పానం మీదికెళ్లి నడిసి నేను అత్తగారింటికి పోవాల్నా?" రూహి ముందు గది పరదా వైపు చెయ్యి చూపింది. "ఆ గదిల పిల్లలను కూసోవెట్టి చదువు చెప్పిన గదా. వాళ్లకేమన్నైతే నేనెట్ల బతకాలె?"

ఫాతిమా సంచి తీసుకోలేదు, చెప్పులు వేసుకోలేదు. అట్లాగే సందులోకి వచ్చి ఆటో ఎక్కింది. వార్డులో డాక్టరమ్మ కాళ్ల దగ్గర కూలబడి, కోడలు వింటుండగానే చెప్పింది. "అబద్ధమాడిన మేడం. మా ఆయనకు టీబీ ఉన్నది. మందులు నడుమల్నే ఇడిసిపెట్టినం. పళ్లెం మాత్రం వేరే పెట్టిన, గ్లాసు వేరే..."

డాక్టరమ్మ నర్సుకు మందులు చెప్పి, ఈమె వైపు తిరిగింది. "పళ్లెంతో రాదమ్మా ఇది. దగ్గినప్పుడు గాలిలోంచి వస్తుంది. పాప ఎక్కడ పడుకునేది? గదికి గాలి వెలుతురు ఉందా?"

నల్లా దగ్గర ఆడవాళ్లకు దగ్గు వినపడొద్దని రోజూ బిగించిన గడియ ఫాతిమా కళ్ల ముందు కనబడింది. "కిటికీ నేనే మూసిన," అంది. "బయటికి ఇనవడొద్దని నేనే మూసిన. నా పిల్లను నా చేతులతోనే..." తల నేలకేసి కొట్టుకోబోతే నర్సు పట్టుకుంది.

కోడలు తమన్నా తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. పిల్ల మంచానికి ఆ పక్కకు జరిగి కూర్చుంది. "నా బిడ్డను ముట్టకు అత్తమ్మా," అంది. ఆ తర్వాత చాలా రోజులు అత్తతో ఒక్క మాటా మాట్లాడలేదు.

పిల్ల బతికింది. కానీ కుడి చేయి, కుడి కాలు మాట వినడం మానేశాయి. కాలంతో కొంత రావచ్చు, మొత్తం వస్తుందని మాట ఇవ్వలేనని డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. ఖాజా పాషాను పరీక్ష చేసి మళ్లీ మందులు మొదలుపెట్టారు. షానూర్ బేగంకు ఫాతిమానే ఫోన్ చేసి అంతా చెప్పింది. ఆలోచించి చెప్తామంది ఆవిడ. మళ్లీ ఫోన్ రాలేదు. రూహి ఆ ఊసే ఎత్తలేదు.

ట్యూషన్‌కు వచ్చిన పిల్లలందరినీ పరీక్ష చేయించాలని భవాని చెబితే, ఆ మాట తనే చెప్తానంది ఫాతిమా. మొదటి గడప సుగుణది.

"ఇన్నొద్దులు ఎట్ల దాచినవే? నా కొడుకును రోజు ఆ గదిల కూసోవెట్టిన్నే!" సుగుణ సందంతా వినేలా అరిచింది.

"తిట్టు సుగుణా, ఎంతన్న తిట్టు. కని ముందుగాల పిల్లగాన్ని దవాఖానకు తీస్కరా."

తిడుతూనే తీసుకొచ్చింది సుగుణ. ఇల్లిల్లూ తిరిగి, మాటలన్నీ పడి, అందరినీ ఒప్పించింది ఫాతిమా. ఒక్క కిరాణా కొట్టు కిషన్ రావు మాత్రం తలుపు తీయలేదు. ట్యూషన్‌కు వచ్చిన ఆయన మనవరాలు దగ్గుతోందని సందంతా తెలుసు. "దవాఖానోళ్లు మా గడప తొక్కితే బజార్ల మా పరువేం గావాలె?" అని లోపలి నుంచే కసిరి పంపేవాడు. పొద్దున పోయి, సాయంత్రం పోయి, ఫాతిమా కాళ్లరిగేలా తిరిగింది.

మిస్బా ఇంటికి వచ్చిన మరునాడు కూడా ఆమె అక్కడికే బయలుదేరింది. వెనకాల చెప్పుల చప్పుడు వినబడి తిరిగి చూసింది. తమన్నా వస్తోంది. చంకలో మిస్బా. పిల్ల కుడి చేయి తల్లి భుజం మీంచి వేలాడుతోంది.

"ఎండల పిల్లనెందుకు తెచ్చినవ్ బిడ్డా?" అంది ఫాతిమా బెదురుగా.

"నీ మాట ఆయన ఇంటలేడు గదా అత్తమ్మా. మిస్బా చెయ్యి సూపిద్దాం. మనసున్నోడైతే తలుపు తీస్తడు."

ఫాతిమాకు ఏడుపు ఆగలేదు. నడి సందులో కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిపోయింది. తమన్నా ఒక్క క్షణం చూసి, పిల్లను ఆమె చేతుల్లో పెట్టింది. "ఎత్తుకో. నాకు చేతులు గుంజుతానయ్," అని ముందుకు వెళ్లి కిషన్ రావు తలుపు తట్టింది.