పోయిన పన్నెండు రాగి పలకలు

చిత్రశాల కమిటీ పెద్దలూ, మిమ్మల్నే అంటున్నాను. ముప్పై ఏళ్లు ఒకే అచ్చుయంత్రం తిప్పి భుజం అరగదీసుకున్న మనిషిని దొంగ అన్నది మీరు. రుజువేదని మీలో ఒక్కరూ అడగలేదు. పలకలుండే గది తాళంచెవి అతని దగ్గరుంది, కాబట్టి దొంగ అతనే అని టీ చల్లారేలోపు తేల్చిపారేశారు. రెండో తాళంచెవి మీ కార్యదర్శి దగ్గరుంది. ఆయన జేబు మాత్రం ఎవరూ తడమలేదు. జరిగింది చెబుతాను, వినండి.

గురువారం పొద్దున ఆ ప్రెస్సు మేస్త్రి కూతురు ఆయాసపడుతూ చత్వారం గారి ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. చత్వారం అన్నది ఊరు పెట్టిన పేరు. ఆయన ప్రైవేటు డిటెక్టివు. ఏది చూడాలన్నా కళ్లద్దాలు ముక్కు కొసకు జార్చి, వస్తువును చాచిన చేతంత దూరం పెట్టి చూస్తాడు. ఆయన దగ్గర పదకొండేళ్లుగా పనిచేస్తున్న టైపిస్టుకు మాత్రం ఆయనంటే గురి. ఆ కళ్లకు దొరకనిది లోకంలో లేదంటుంది, ఆయన గొడుగు తప్ప.

"నిన్న మా నాన్నని తీసుకెళ్లారు సార్. ఇవాళ సాయంత్రం నాలుగింటికి కోర్టులో పెడతారట," అంది కూతురు. "దొంగ అన్న ముద్రతో జైలుకెళ్తే ఇంక ఆయన మనిషి కాడు. నిన్నటి నుంచి మెతుకు ముట్టలేదు."

"ఏం పోయాయమ్మా?"

"రాగి పలకలు. పన్నెండు."

విషయం ఇదీ. నిరుడు పోయిన చిత్రకారుడు ఇరవై నాలుగేళ్లప్పుడు ఒక్క పెట్టెతో ఈ దేశం వచ్చినవాడు. భాష రాదు, నా అన్నవాళ్లు లేరు. పగలు దుకాణాలకు బోర్డులు రాశాడు. మిగిలిన వేళల్లో రాగి పలకల మీద సూదితో గీతలు గీసి, యాసిడ్‌తో తొలిచి, సిరా పట్టించి, తడి కాగితం మీద అచ్చులు తీశాడు. మొదటి పన్నెండు బొమ్మలూ రేవులో మూటలు మోసే తనలాంటి పరాయివాళ్లవి. తర్వాతి పన్నెండూ అద్దె గదులవి. యాభై దాటాక గానీ పేరు రాలేదు. వచ్చాక మాత్రం పెద్ద పెద్ద రంగుల పటాలకు జనం బారులు తీరారు. పోయాక ఆయన ఇల్లే చిత్రశాల అయింది. ఆయన చేత్తో రాసిన జాబితాలో పాత బొమ్మలు ఇరవై నాలుగు. బీరువాలో పలకలు పన్నెండే. మూటలవాళ్ల పలకలు లేవు.

"మీ నాన్న ఏమంటాడు?"

"నేను పనిలో చేరేటప్పటికే అవి పన్నెండే, అంటాడు. ఎవడు నమ్ముతాడు?"

"నమ్మడం తర్వాత. ముందు చూద్దాం," అని చత్వారం లేచాడు. టైపిస్టు గొడుగు వెతికి చేతికిచ్చి వెంట బయల్దేరింది.

చిత్రశాలలో కార్యదర్శి ఇస్త్రీ మడత నలగకుండా కూర్చుని ఉన్నాడు.

"సోమవారం లెక్క చూశాం, అప్పుడే ఫిర్యాదు ఇచ్చాం. బుధవారం అరెస్టు. ఇందులో డిటెక్టివు పనేముంది?"

"ఉన్న పన్నెండు పలకలూ చూడొచ్చా?"

"మంగళవారమే చెక్క బోర్డులకు అతికించేశాం. ప్రదర్శన కోసం."

"అంత తొందరేమిటి?"

"పనులు ఆగకూడదు కదండీ."

హాల్లో అద్దాల వెనక అచ్చులు వరుసగా ఉన్నాయి. చత్వారం ఒక్కోదాని ముందూ నిలబడి, వెనక్కి జరిగి, మళ్లీ ముందుకొచ్చాడు. టైపిస్టు నోటుపుస్తకం తెరిచింది.

"పలక నొక్కిన చోట కాగితం లోపలికి దిగుతుంది, చూశారా? ఈ మూటల బొమ్మకు పైన కుడి మూల లేదు. ఎవరో కత్తిరించినట్టుంది."

"ఆయన పాత సామాన్ల కొట్లో రాగి ఏరుకునేవాడట సార్. ఇక్కడ గోడమీద రాసుంది." ఆమె రెండో వరుసలోకి వెళ్లి ఆగిపోయింది. "ఈ అద్దె గది కిటికీ బొమ్మకూ మూల లేదు సార్. కాకపోతే ఎడమ పక్క."

"కొలవండి."

కొలిచింది. రెండింటి కొలతా ఒకటే. ఇరవై నాలుగూ కొలిచేసరికి వేళ్లు నొప్పెట్టాయి. మొదటి వరుసలో ఏ కొలతలున్నాయో, రెండో వరుసలోనూ అవే ఉన్నాయి. ఆమెకేమీ బోధపడలేదు. ఆయన మాత్రం ఈల వేశాడు.

వెనక గదిలో ఫ్రేములు కట్టే వడ్రంగి మేకులు ఏరుకుంటున్నాడు. బల్ల కింద గరుకు కాగితం ముక్కలు పడి ఉన్నాయి, నల్లటి పొడితో అట్టలు కట్టి.

"చెక్క రుద్దితే ఇంత నలుపు వస్తుందా అయ్యా?" అన్నాడు చత్వారం.

"జిగురు పట్టాలి కదా బాబూ. పలకల వెనక నల్ల పూత ఉంటే పైపైన గీకాను." వడ్రంగి తల ఎత్తలేదు. "నన్నేమీ అడక్కండి. పిల్లలు గలవాణ్ణి."

"సరే, అడగను. వేడినీళ్లు మాత్రం పెట్టు."

రెండు గంటలకు అందరినీ అచ్చు గదిలో కూర్చోబెట్టారు. కార్యదర్శి, కమిటీ పెద్దలు ముగ్గురు, వడ్రంగి, కూతురు. పోలీసు అధికారి ప్రెస్సు మేస్త్రిని వెంటబెట్టుకొచ్చాడు. గడ్డం మాసిన ఆ మనిషి ఎవరినీ చూడలేదు, నేరుగా యంత్రాన్నే చూశాడు.

"మేస్త్రీ, పలకల వెనక నల్ల పూత ఎందుకు?" అడిగాడు చత్వారం.

"యాసిడ్ తినెయ్యకుండా. అన్నిటికీ పూస్తాం. దాన్నెవరు చూస్తారు?"

"ఎవరూ చూడరు. అందుకే గుట్టు అక్కడ దాగిపోయింది. రాగి దొరకని రోజుల్లో ఆ చిత్రకారుడు మూటలవాళ్లను ఒక పక్క తొలిచాడు. అచ్చులు తీసి, ఆ పక్కకు నల్ల పూత వేసి మూసి, అదే పలక తిప్పి రెండో పక్క అద్దె గదులు తొలిచాడు. పలక తిప్పితే తెగిన మూల కూడా పక్క మారుతుంది. అందుకే ఒక అచ్చులో కుడి, ఒక అచ్చులో ఎడమ. బొమ్మలు ఇరవై నాలుగే, పలకలు పన్నెండే. ఏ పలకా పోలేదు."

మేస్త్రి మెల్లగా అన్నాడు. "ఆ రోజుల సంగతి అడిగితే మాట మార్చేవాడు. పేదరికం చెప్పుకోవడం సిగ్గు ఆయనకి."

"ఇదంతా ఊహ," అన్నాడు కార్యదర్శి.

చత్వారం సైగ చేశాడు. వడ్రంగి వేడినీళ్ల తొట్టిలోంచి ఒక బోర్డు తీసి, నానిన జిగురు సందున రేకు దూర్చి పలక ఊడదీశాడు. మేస్త్రి అలవాటుగా గుడ్డ అందుకుని కిరసనాయిలుతో తుడిచాడు. మిగిలిన నల్ల పూత కరిగే కొద్దీ ఒక వీపు, దాని మీద మూట, మూట కింద వంగిన మెడ బయటికొచ్చాయి. కూతురు రెండు చేతులతో ముఖం కప్పుకుని, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా ఊగిపోయింది.

"నేరం లేదు. తప్పు ఉంది," అన్నాడు చత్వారం. "గీకేటప్పుడు ఈ గీతలు వడ్రంగికి కనిపించాయి. మంగళవారం. అరెస్టుకు ముందు రోజు. ఎవరికి చెప్పావయ్యా?"

వడ్రంగి ఈసారి తల ఎత్తాడు. "కార్యదర్శి గారికే. వెనక కూడా బొమ్మ ఉందండీ అన్నాను. నోరు మూసుకుని అతికించు, ఫిర్యాదు వెళ్లిపోయింది, ఇప్పుడు వెనక్కి తీసుకుంటే పరువు పోతుంది అన్నారు."

ఇస్త్రీ మడత అప్పుడు నలిగింది. కార్యదర్శి కుర్చీలో జారిపోయాడు. పోలీసు అధికారి కాగితాలు మడిచి, "మేస్త్రి గారూ, మీరు ఇంటికెళ్లొచ్చు," అన్నాడు. అచ్చు గదిలో అందరూ ఒకేసారి ఊపిరి వదిలారు. మేస్త్రి పక్కనున్న బల్లమీద కూలబడి, "ఏమన్నా తినడానికుందా అమ్మలూ?" అన్నాడు కూతురితో.

కమిటీ పెద్ద ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "పొరపాటు జరిగిందని నోటీసు పెడదాం."

"జరగలేదు, చేశారు," అంది కూతురు. కళ్లు తుడుచుకుని టైపిస్టు నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఆయన ముందు పెట్టింది. "మేము నిర్దోషిని పట్టించాం అని మొదలుపెట్టండి. కింద మీరు ముగ్గురూ సంతకాలు చెయ్యండి. కార్యదర్శిని ఈ రోజే తీసెయ్యండి. మిగతా పదకొండు పలకలూ మా నాన్న చేత్తోనే ఊడాలి, ఆయన చేత్తోనే అచ్చు కావాలి. మొదటి అచ్చులు ఈ హాల్లో కాదు, రేవులో మూటలు మోసేవాళ్లు సేదతీరే గదిలో తగిలించాలి. రాయండి. కలం లేదా? ఇదిగో."