వస్తానన్న మాట

కృష్ణపట్నం కరెంటు ప్లాంటులో పనిచేసే విజయభాస్కర్‌కు కార్ల పిచ్చి. ఉన్నదంతా ఊడ్చి, చెన్నై పోయి, ఎవరో వాడి వదిలేసిన రెండు తలుపుల స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చినాడు. నేలకు ఆనుకుని పోయే ఆ బండిని మన బొగ్గు లారీల రోడ్డు మీద చూసి తోటివాళ్లు నవ్వినారు. భార్య స్వర్ణ కూడా నవ్వింది. నవ్వుతూనే ఎక్కేది. ఎక్కినాక మాత్రం రెండు అరచేతులూ ఎదురుగా డాష్‌బోర్డు మీద ఆనించి, "నిదానం, నిదానం" అంటూ కూర్చునేది.

ఆ స్వర్ణ పోయి ఇంకా ఏడాది తిరగలేదు. విషజ్వరం. నెల్లూరు ఆసుపత్రికి ఆ కారులోనే తీసుకుపోయినాడు. నోరు చేదుగా ఉందని దారిలో బత్తాయి తొనలు ఒలుచుకుని తిన్నది. తర్వాత చెమట పట్టిన చేతులు ఎప్పటిలాగే డాష్‌బోర్డు మీద పెట్టింది. ఆ రోజు మాత్రం నిదానం అనలేదు.

రోజూ డ్యూటీకి పోతూ గడపలో నిలబడి "వస్తా స్వర్ణా" అనడం విజయభాస్కర్‌కు అలవాటు. మన ఇళ్లల్లో పోతానని ఎవరంటారు? వస్తాననే కదా అంటాం. ఒక్క శ్మశానంలోనే ఆ మాట అనకూడదు. చెప్పా పెట్టకుండా, వెనక్కి తిరక్కుండా వచ్చేయాలి. చితి అంటుకుని అందరూ కదిలే వేళకు, అలవాటు చొప్పున ఆయన నోట్లోంచి ఆ మాటే జారింది.

"వస్తా స్వర్ణా."

స్వర్ణ మేనమామ గంగులయ్య గబుక్కున ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "ఎంత మాటనేసినావబ్బయా... ఇక్కడ అనే మాటా అది?" అన్నాడు మెల్లగా.

విజయభాస్కర్‌కు ఏమీ అనిపించలేదు. ఆ రోజు మొదలు ఆయనకు ఏదీ అనిపించడం లేదు. ఏడుపు రాదు. కూరలో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో తెలియదు. డ్యూటీకి పోతాడు, వస్తాడు, పడుకుంటాడు. అంతే బతుకు.

కూతురు ప్రత్యూష ఒక్కటే మిగిలింది. రెండో తరగతి. మనుబోలులో అవ్వ, అంటే స్వర్ణ తల్లి, మాలకొండమ్మ దగ్గరుంది. ఎప్పుడు తీసుకొద్దామని పోయినా ఆ పిల్ల కారెక్కదు. ఎక్కించబోతే గుక్కపెట్టి ఏడుస్తుంది. కారణం డాష్‌బోర్డు. స్వర్ణ కూర్చునే వైపు దాని తోలు పైకి లేచింది. పక్కపక్కనే, రెండు చోట్ల.

"అక్కడ అమ్మ చేతులున్నాయి," అంటుంది పిల్ల.

"అది బాగు చేయించు నాయనా, బిడ్డను పంపిస్తా," అనింది మాలకొండమ్మ. "రేపు సోమవారం బడి తెరుస్తారు. ఈలోపల కాలేదా, ఇక్కడి బళ్లోనే వేసేస్తా."

ఆ కారు అమ్మి పారేయొచ్చు కదా అని మీకనిపించొచ్చు. స్వర్ణ చివరిసారి కూర్చున్న చోటును ఎట్లా అమ్ముతాడు? ఇంకొకరి చేత ముట్టించడం కూడా ఇష్టంలేక, జిగురు డబ్బా తెచ్చి తానే పనికి దిగినాడు.

ఆదివారం మిట్టమధ్యాహ్నం. క్వార్టర్స్ అంతా తలుపులేసుకుని కునుకు తీస్తోంది. సముద్రపు గాలి ఆగిపోయింది. రేకుల షెడ్డు కింద కారు తలుపు తీస్తే కాగిన తోలు వాసన గుప్పుమంది.

ఎండకు తోలు లేవడం వింతేమీ కాదు. కింద జిగురు ఎండి పొడిపొడిగా రాలిపోతుంది. ఆయన అంచు దగ్గర ప్లాస్టిక్ బద్ద దూర్చి తోలు పైకెత్తినాడు. పాత జిగురు గీకి, స్పిరిటుతో తుడిచినాడు. కొత్త జిగురు అటు తోలుకూ ఇటు బోర్డుకూ పల్చగా పూసినాడు. ఇక వేలికి అంటుకోనంత ఆరితే, వేడి చూపించి నొక్కేయడమే.

ఆరలేదు.

అంత ఎండలోనూ ఆరలేదు. వేలు పెట్టి చూస్తే తడి. జిగురు తడి కాదు, నీళ్ల తడి. తుడిచినాడు. కాసేపటికి మళ్లీ ఊరింది... వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. బత్తాయి తొక్క వాసన.

భయపడాల్సింది ఇక్కడేనని ఆయనకు తెలుసు. తెలుసుగానీ భయం రాలేదు. లోపలికి పోయి స్వర్ణ జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు తెచ్చి, ఆ తడి ఆరిందాకా పట్టినాడు. జిగురు మళ్లీ పూసినాడు. ఈసారి ఆరింది. నొక్కడానికి వాటంగా ఉంటుందని ఆమె సీట్లో కూర్చున్నాడు. ఆమె పోయినాక అందులో ఎవరూ కూర్చోలేదు.

తోలు లేచిన రెండు చోట్లా అరచేతులు ఆనించి నొక్కినాడు.

దిగలేదు.

ఇంకా గట్టిగా నొక్కినాడు.

కింది నుంచి ఎవరో నెట్టినారు... మెల్లగా... వెచ్చగా. తోలు అవతల వేళ్లు తెలుస్తున్నాయి. సన్నటి వేళ్లు. ఒకదానికి ఉంగరం.

"స్వర్ణా..." అన్నాడు గొంతు తగ్గించి.

నెట్టడం ఆగలేదు.

"బిడ్డను ఇంటికి తెచ్చుకోవాల స్వర్ణా... చేతులు తియ్యి."

దూరంగా పోర్టులో సైరను మోగి ఆగింది. అప్పుడు తోలు కింద వేళ్లు ఒక్కొక్కటే సడలినాయి. తోలు మెత్తగా దిగి, చదునుగా అతుక్కుపోయింది.

ఆయన చాలాసేపు అట్లాగే కూర్చున్నాడు. వెళ్లిపోయింది, అనుకున్నాడు. ఏడుపొస్తుందేమో అని ఎదురుచూసినాడు. రాలేదు. దిగి, తలుపు మూసి, తాళం వేస్తూ ఎప్పటి అలవాటుగా అనేసినాడు.

"వస్తా స్వర్ణా."

నాలుక కరుచుకున్నాడు. అన్న మాట వెనక్కి రాదు కదా. ఎడమ భుజం తిమ్మిరెక్కినట్టుంది. అంతసేపు వంగి కూర్చున్నందుకేలే అని సర్దుకున్నాడు. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, సాయంత్రానికి మనుబోలు చేరినాడు.

ప్రత్యూష కారు తలుపు పట్టుకుని లోపలికి తొంగి చూసింది. డాష్‌బోర్డును వేలితో తాకి చూసింది. "అమ్మ చేతులు తీసేసింది," అని ఏడుపూ గీడుపూ లేకుండా ఎక్కి కూర్చుంది. మాలకొండమ్మ కళ్లు తుడుచుకుంది. సంచీ లోపల పెట్టి, బెల్టు తానే బిగించింది.

"వస్తా అవ్వా," అనింది పిల్ల.

కారు హైవే ఎక్కింది. అద్దాలు మూసి ఏసీ వేసినాడు. పక్కన తన బిడ్డ. ఇన్నాళ్లకు ఇంటికొస్తోంది. కొంచెం పలకరించాలనిపించింది ఆయనకు.

"మీ అమ్మ చేతులు తీసేసిందన్నావే, తీసేసి యాడ పెట్టుకుందమ్మా?"

ప్రత్యూష ఆయన ఎడమ భుజం వైపు చూసింది. తర్వాత రోడ్డు వైపు తిరిగింది.

"చెప్పొద్దనింది."

నవ్వబోయినాడు. నవ్వు రాలేదు. అంత చల్లటి కారులో ఎడమ భుజం మీద చొక్కా తడిసి ఒంటికి అంటుకుంటోంది... బత్తాయి వాసన... స్వర్ణ పోయినాక మొదటిసారి ఆయనకు భయమేసింది. వెనక్కి తిరగలేదు. బ్రేకు మీద కాలు వేసినాడు. బండి వేగం తగ్గలేదు.

ప్రత్యూష ముందుకు జరిగి, మధ్యాహ్నం ఆయన అతికించిన చోట రెండు అరచేతులూ ఆనించింది.

నిదానం అని మాత్రం అనలేదు.