రెండు జతల బూట్లు

మధ్యాహ్నం మూడింటికి బెర్మెత్ వంటింట్లో స్టూలు మీద కూర్చుని, ఒక చేత్తో ఎనిమిదో నెల పొట్ట పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్లో బ్యాంకు చిట్టా చూస్తోంది. పొయ్యి మీద గొర్రె మాంసం ఉడుకుతోంది. కిటికీకి మంచు పొర పట్టింది. బయట నారిన్ ఊరంతా బొగ్గు పొగ. కుట్టుపనికి సెలవు పెట్టాక జీతం ఆగిపోయింది కాబట్టి ఈ అలవాటు పట్టుకుంది గానీ, లేకపోతే ఆ చిట్టా మొహం ఏనాడూ చూసి ఎరగదు.

రొట్టెల కొట్టు. మందుల షాపు. ఫోన్ రీఛార్జి. ఆ కింద ఎవరిదో తెలీని పేరు.

తుర్సున్‌బేకొవా జె. ఆన్‌లైన్ కొనుగోలు. పన్నెండొందల సోమ్‌లు. దాని కిందే మళ్ళీ అదే పేరు, అదే పన్నెండొందలు, అదే నిమిషం. ఏం కొన్నారో మాత్రం లేదు.

మొగుడికి ఫోన్ కొట్టింది. తాలాయ్ లారీ డ్రైవరు. చైనా సరిహద్దు కనుమ దగ్గర ఇరుక్కుని ఉన్నాడు.

"ఏమయ్యా, నా కార్డు మీద ఏం కొన్నావ్?"

"నేనా? మూడ్రోజుల్నించి లారీల లైన్లో కూర్చుని నూడుల్సు తిని బతుకుతున్నానే బాబూ. ఇక్కడ సిగ్నలుకే దిక్కులేదు, షాపింగొకటా!"

"మరి తుర్సున్‌బేకొవా ఎవత్తి?"

"ఎవత్తో నాకేం తెలుసు? నాకేదో రెండో సంసారం ఉన్నట్టు అడుగుతావేంటి?"

"ఉంటే అక్కడే మంచులో ఉండిపో, ఇంటికి రాకు."

"ఒక్కదానితోనే వేగలేక చస్తుంటే..." అని నవ్వాడు. లైను తెగిపోయింది.

తర్వాత బ్యాంకుకి చేసింది. ఎవరో అమ్మాయి, జలుబు గొంతు. "అది దుకాణం పేరు కాదండీ, నడిపేవాళ్ళ పేరు. మీ ఇంట్లో వాళ్ళెవరన్నా కొన్నారేమో అడగండి. లేదంటే ఫిర్యాదు రాసుకుంటా, నలభై అయిదు రోజులు పడుతుంది." టకటకా ఏవో నొక్కింది. "అయినా ఇది మీకు కొత్త కాదు కదండీ? పోయినేడు నవంబర్లో ఉంది. అంతకు ముందేడూ ఉంది. ఆ ముందేడు కూడా. అన్నీ పద్దెనిమిదో తారీకే."

బెర్మెత్ ఫోన్ పెట్టేసింది. పొయ్యి ఆపేసి, కోటు తొడుక్కుంది.

పద్దెనిమిది నవంబరు. నాలుగేళ్ళ కిందట ఆ రోజే ఎలామన్ పోయాడు. పదకొండు నెలల వాడు. మొదటి కొడుకు.

ఆన్‌లైన్ పార్సిళ్ళిచ్చే కొట్టు బజారు వెనకాల. అద్దె గది, చెక్క కౌంటరు, దాని వెనక నేల నుంచి కప్పు దాకా మూటలు. కౌంటర్లో కూర్చునే కలీపాకి ఊళ్ళో ఎవరే లోదుస్తులు కొన్నారో కూడా తెలుసు.

"అబ్బో, పొట్ట ముందొచ్చింది, మనిషి వెనకాలొస్తోంది! కూర్చోవే, ఇక్కడే కనేస్తే నేను మంత్రసాని పని చెయ్యలేను."

"అక్కా, తుర్సున్‌బేకొవా అంటే ఏం అమ్ముతుంది?"

"ఆవిడా? పిల్లల బూట్లు. బేరం లేదు, గీరం లేదు. చిటికెడు కాలయినా చేటంత కాలయినా ఒకటే రేటు." కలీపా కంప్యూటర్లో చూసి మొహం చిట్లించింది. "నీ నంబరు మీదే వచ్చిందే. రెండు జతలు. ఒకటి పదహారో సైజు... ఒసేయ్! పుట్టకముందే బూట్లు కొంటారా ఎవరన్నా? మీ అత్త వింటే గుండాగి చస్తుంది!"

"నేను కొనలేదక్కా."

"మరి దయ్యం కొందా? రెండోది ఇరవై ఎనిమిది. అంటే అయిదేళ్ళ వాడికి. నీకు అయిదేళ్ళ వాడెక్కడ..."

కలీపా నాలుక్కరుచుకుంది.

"పాతవి చూడక్కా."

కలీపా చూసింది. ఈసారి మెల్లిగా చదివింది. ఇరవై రెండు. ఇరవై నాలుగు. ఇరవై ఆరు. ఏడాదికో జత.

"ఎవరు పట్టుకెళ్ళారు?"

"కోడ్ చెప్పినవాళ్ళకి ఇచ్చేస్తామే." కలీపా గొంతు తగ్గించింది. "పోయినేటిది గుర్తుంది. కౌంటరు కింద నించి సన్నటి గొంతొచ్చింది. నాలుగంకెలు చెప్పింది. పార్సిలు బల్ల మీద పెట్టి, ఎవరా అని వంగి చూస్తే... ఎవరూ లేరు. పార్సిలూ లేదు. ఎవరి పిల్లాడో, వాళ్ళమ్మ పంపుంటుంది అనుకున్నా."

రెండు పెట్టెలూ బల్ల మీద పెట్టింది. చీటీ మీద తీసుకునేవాళ్ళ పేరు చూసి, దాని మీద అరచెయ్యేసింది. బెర్మెత్ ఆ చెయ్యి తీసేసి చదివింది. ఎలామన్.

"వద్దనుకుంటే ఇక్కడే వదిలెయ్. ఏ జత వెనక్కిస్తే ఆ జత డబ్బు నీకొచ్చేస్తుంది."

ఇచ్చేద్దామనే అనుకుంది. కానీ ఆ పేరు రాసున్న పెట్టెని బల్ల మీద వదిలెయ్యడానికి చేతులు రాలేదు. రెండూ చంకలో పెట్టుకుంది. అప్పుడే కడుపులోది గట్టిగా తన్నింది.

ఇల్లు మూడో అంతస్తు. వచ్చేసరికి పొద్దు కుంగిపోయింది. తలుపు దగ్గర గోనెపట్టా మీద రెండు జతలూ పెట్టింది. పెద్దవి, పక్కన చిన్నవి. కొత్త రబ్బరు వాసన. అయిదు కాగానే కరెంటు పోయింది. చలికాలం రోజూ పోయేదే. ఇవాళ మాత్రం చీకటి గొంతు దాకా ఎక్కినట్టనిపించింది.

ఫోన్ వెలుతురు ఆర్పేసి కూర్చుంది. ఎందుకో తనకే తెలీదు.

నాలుగేళ్ళ కిందట అత్త నల్ల ఊలు, తెల్ల ఊలు పేనింది. పిల్లాడు నిలబడ్డం నేర్చాక రెండు కాళ్ళకీ ఆ తాడు కట్టి, పరుగు పందెంలో గెలిచినవాళ్ళ చేత కోయించి పరిగెత్తిస్తారు. కొయ్యకపోతే జన్మంతా తడబడతాడని భయం. ఆ వేడుకకి ముందురోజు సాయంత్రం ముద్దుకని బెర్మెత్ ఆ తాడు కట్టి చూసింది. స్టూలు పట్టుకుని నిలబడి వాడు పకపకా నవ్వాడు. ఆ రాత్రే జ్వరం. తెల్లారేసరికి లేడు.

ఆఖరి స్నానం చేయించేటప్పుడు ఆ తాడు విప్పారు. కానీ కొయ్యలేదు.

టప్.

కింద మెట్ల మీద.

టప్... టప్.

మనిషి నడిచే చప్పుడు కాదు. రెండు కాళ్ళూ ఒక్కసారే నేలకి తగులుతున్న చప్పుడు. ఒక్కో మెట్టూ... గెంతుతూ...

తలుపు దగ్గర ఆగింది. తలుపు తెరుచుకోలేదు. కానీ లోపల, గోనెపట్టా దగ్గర, బూట్లలో కుక్కిన కాయితం గరగరలాడింది. రబ్బరు వాసన మీద ఇంకో వాసన. పులిసిన పాల వాసన. పసివాడి మెడ మడతల్లో ఉండేది.

"ఎలామన్..." అంది.

"కాళ్ళు..." చిన్న గుసగుస. "అమ్మా... కాళ్ళు..."

కడుపులోది రాయిలా బిగుసుకుంది. లేచి పారిపోవాలనిపించింది. కానీ ఎక్కడికి? తలుపు అటే ఉంది. పాకుతూ వెళ్ళి కుట్టు డబ్బా తెరిచింది. అడుగున దాచిన తాడు కోసం తడిమింది. సూదులు. గుండీలు. కత్తెర.

తాడు లేదు.

కత్తెర పట్టుకుని పాకింది. పట్టా మీద చెయ్యి పెట్టింది. బూటు. చల్లగా ఉంది. లోపల కాలుంది. ఇంకా పైకి... చీలమండ చుట్టూ ఊలు. రెండు కాళ్ళకీ కలిపి.

"కోస్తా నాన్నా... కదలకు... కోసేశాక వెళ్ళిపోవాలి. ఒక్కడివే వెళ్ళాలి. తమ్ముడో చెల్లో... నాకుండాలి. సరేనా?"

కత్తెర మొన ఊలు కిందకి దూర్చింది.

కచ్.

"పరిగెత్తు నా గుర్రప్పిల్లా!" అని అరిచింది. ఆ రోజు అనాల్సిన మాట.

పరిగెత్తాడు. టకటకటక... మెట్లు దిగుతూ, ఒక కాలు తర్వాత ఒక కాలు. బెర్మెత్ ఏడుస్తూనే నవ్వింది. ఆ చప్పుడు వెనకాలే ఇంకో మెత్తటి చప్పుడుంది. తడబడుతూ... అప్పుడే నడక నేర్చినట్టు... మెట్ల ప్రతిధ్వనేమో. ప్రతిధ్వనే అయ్యుంటుంది.

ఏడింటికి కరెంటొచ్చింది. పట్టా మీద తాడు ముక్కలు రెండు ఉన్నాయి. బూట్లు ఒక్క జతా లేవు.

ఫోన్ టింగుమంది. బ్యాంకు. తుర్సున్‌బేకొవా జె. సరుకు వాపసు. ఒక జత. పన్నెండొందలు మీ కార్డులో జమ.

కలీపాకి చేసింది. నిద్ర గొంతుతో ఎత్తింది. "వాపసా? అయిదింటికి కరెంటు పోతూనే తాళం వేసి వచ్చేశానే. తాళంచెవి నా దగ్గరే ఉంది."

బెర్మెత్ రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది. తాడు కోసినప్పట్నించీ కదలిక లేదు. పడుకునుంటుంది. ఈ వేళకి పడుకుంటుంది కదా.

"ఒక్కసారి తన్నవే తల్లీ..." అంది మెల్లిగా.

మెసేజీ మళ్ళీ తెరిచింది. పై నుంచి కింది దాకా చదివింది. పేరుంది. తారీకుంది. టైముంది.

వెనక్కొచ్చింది ఏ సైజో రాసి లేదు.