తప్పు విన్నానేమో

కాకినాడ బీచి దారిలో తిరిగే బస్సుల్లో ఆ ఏడాది ఒక కొత్త అలవాటు కనిపించేది. కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళలో ఒకరో ఇద్దరో తడి రుమాలు మడిచి కుడిచెవి వెనక అదుముకుని ఉండేవారు. తక్కిన ప్రయాణికులు వాళ్ళను కొంత అసూయగానూ కొంత ఎగతాళిగానూ చూసి, “బిళ్ళ పెట్టుకున్నవాళ్ళు” అని గుసగుసలాడుకునేవారు.

బిళ్ళ అసలు పేరు మనోవాణి. బొట్టుబిళ్ళకంటే కొంచెం పెద్దదిగా, చెవి వెనక చర్మానికి అతుక్కుని ఉంటుంది. అంతకు ముందు యాభై ఏళ్ళపాటు మనుషులు చేతిలో పట్టుకు తిరిగిన ఫోను చేసిన పనులన్నీ అది చేస్తుంది. కాని దానికి తెర లేదు, మీటలు లేవు. మనిషి నోటివెంట వచ్చే మాటను మైక్రోఫోన్‌తో వింటుంది. అదే క్షణంలో ఆ మాట వెనక ఉన్న ఉద్దేశాన్ని, చెవి వెనక ఎముక గుండా అందే మెదడు తరంగాలలో చదువుతుంది. ఈ తరంగాలకు శాస్త్రజ్ఞులు ‘సంకల్ప సంకేతాలు’ అని పేరు పెట్టారు.

రెండూ ఎందుకు అవసరమో వివరించడం కష్టం కాదు. ఎవరైనా “చూద్దాం” అంటే వస్తానని అర్థం కావచ్చు, రానని కావచ్చు, ఇక ఆ సంగతి ఎత్తవద్దని కూడా కావచ్చు. మాటను ఉద్దేశంతో పోల్చి, అసలు అర్థమేదో తేల్చుకుని, బిళ్ళ తన యజమాని ఇచ్చిన మాటలను గుర్తుపెట్టుకుంటుంది. వేళకు జ్ఞాపకం చేస్తుంది. ఇలా పోల్చే విధానాన్ని ‘పొంతన పద్ధతి’ అనేవారు. మనోవాణికి ప్రాణం అదే.

దాన్ని తయారుచేసిన పరిశోధనశాల నగరంలో కొందరికి బిళ్ళలను ప్రయోగంగా, ఉచితంగా ఇచ్చి, నెలకొకసారి వాళ్ళ ఫిర్యాదులు వినేది. చెమటకు ఊడిపోతోందనీ, అత్తగారిని తలుచుకున్నంత మాత్రాన ఆవిడకు ఫోన్ కలిపేస్తోందనీ రకరకాలుగా చెప్పేవారు. అయితే అందరికన్నా పెద్ద గొడవ ఛార్జిది.

“మేడమ్ గారూ, పొద్దున్నే నిండా ఛార్జింగ్ పెట్టి షాపు తెరుస్తానండి,” అన్నాడు బట్టల దుకాణం యజమాని చరణ్‌తేజ. “పదిమంది ఆడోళ్ళకి చీరలు చూపించేసరికి చచ్చూరుకుంటంది. పైగా ఈ వేడొకటీ! చెవెనకాల దోసె పోసుకోవచ్చని మా ఆవిడ ఎగతాళండి.”

“నాకైతే మూడ్రోజులొత్తందండి,” అన్నాడు ఈతకొలను శిక్షకుడు జోసెఫ్ మాస్టారు.

“మీరు దాంతో మాట్లాడితేగా, మాస్టారూ!”

“ఎందుకు మాట్లాడనండీ? పొద్దున్నుంచీ అరుపులేగా. కాళ్ళాడించరా దున్నపోతా, నీకు ఈత ఈ జన్మకి రాదెహె అని.”

“మరదే! మర్యాద లేకపోతే ఛార్జింగ్ మిగులుద్దన్నమాట,” అన్నాడు చరణ్‌తేజ. హాలంతా నవ్వింది.

వేదిక మీద కూర్చున్న డాక్టర్ ప్రత్యూష కూడా నవ్వింది. పరిశోధనశాలకు ఆమె డైరెక్టర్. ఆ ఏడాది చివర పదవీ విరమణ చేయవలసి ఉంది. చిన్నతనంలో తన తండ్రి మొదటి స్మార్ట్‌ఫోన్ కొన్న రోజులు ఆమెకు బాగా గుర్తు. సామర్లకోట స్టేషన్‌లో రైలు వచ్చేదాకా ఆయన గోడవార గొంతుక్కూర్చుని, ప్లగ్గులో పెట్టిన ఫోన్‌కు కాపలా కాసేవాడు. ఫోన్ ఇంకేం చేయాలని ఎవరైనా అడిగితే, “ఇంకేమీ వద్దు, సాయంత్రందాకా బతికుంటే చాలు,” అనేవాడు. ఆ తరం కోరిన తక్కిన కోరికలన్నీ తీరాయి. అదొక్కటి ఇంకా ఈ హాలులోనే కూర్చుని ఉంది.

ఆ మాట ఆమె పైకి అనలేదు. ఎందుకంటే అందరికంటే ముందు ఛార్జి అయిపోయే బిళ్ళ ఆమెదే.

“హన్వీ, నా దాంట్లో తయారీ లోపం ఏదో ఉంది. కాస్త చూసిపెట్టు,” అంది ప్రత్యూష మర్నాడు.

హన్వికకు ముప్పై రెండేళ్ళు. పొంతన పద్ధతి పూర్తిగా ఆమె ఆలోచన. చదువు ముగించి పరిశోధనశాలలో చేరిన నాటినుంచీ ఆమె చేసినది అదొక్కటే. మనోవాణి మీద హక్కు కోరే పేటెంటు దరఖాస్తులో ఆవిష్కర్తల పేర్లు వేయవలసిన సమయం వచ్చింది. “నీ పేరు నా పేరు పక్కనే ఉంటుంది,” అని ప్రత్యూష ఆమెతో కొన్ని నెలలుగా అంటూనే ఉంది. అందులో పేరు ఉంటే హన్వికకు సొంత ప్రయోగశాల దొరుకుతుంది. లేకపోతే మరొకరి ప్రయోగశాలలో మరొకరి యంత్రానికి మెరుగులు దిద్దుతూ ఉండిపోవాలి. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు.

బిళ్ళ తను విన్న మాటలను పరిశోధనశాలకు అందించదు. ఏ వేళ ఎంత వేడెక్కిందో, అప్పుడు దగ్గరలో మరే బిళ్ళ ఉందో, అంతే అందిస్తుంది. హన్విక ఆ వివరాలను గోడమీది తెరపై పరిచింది.

“విచిత్రం మేడమ్. మీరు పాఠం చెప్పినప్పుడు వేడెక్కలేదు. ఢిల్లీ అధికారులతో పోట్లాడినప్పుడూ వేడెక్కలేదు. నాతో మాట్లాడినప్పుడే ఎక్కుతోంది.”

“నీతోనా?”

“ప్రతిసారీ కాదనుకోండి. కానీ ఎక్కినప్పుడల్లా పక్కన నేనే ఉన్నాను. లోపం నా బిళ్ళలో ఉందేమో. నా దాని సంకేతాలు మీదాంట్లోకి చొరబడుతున్నాయి కాబోలు.” ఆమె నొచ్చుకున్నట్టుగా నవ్వింది. “ఇన్నాళ్ళూ మీ ఛార్జంతా తాగేసింది నేనన్నమాట. సారీ మేడమ్.”

ప్రత్యూషకు ఆ క్షణంలోనే అర్థమైంది. కారణం నుంచి ఫలితానికీ, ఫలితం నుంచి కారణానికీ నడవడం ఆమె జీవితమంతా చేసిన పని. ఇప్పుడు ఆ దారి ఎక్కడికి చేరుతుందో కనిపిస్తున్నా, ఆగిపొమ్మని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

హన్విక తన బిళ్ళను తీసి గాజుపెట్టెలో పెట్టి మూసింది. “ఇప్పుడు ఏదైనా మాట్లాడండి.”

“ఇవాళ ఎండ ఎక్కువగా ఉంది.”

తెరమీద ఉష్ణోగ్రత గీత కదలలేదు.

“అలా కాదు మేడమ్. నిన్న బాగా వేడెక్కింది కదా, అప్పుడేం అనుకున్నామో అదే అనండి. ఆఁ, గుర్తొచ్చింది. నా పేరు సంగతి. నేను మళ్ళీ అడుగుతాను, మీరు నిన్నటిలాగే చెప్పండి. మేడమ్, దరఖాస్తు ఎంతవరకు వచ్చింది?”

“హన్వీ, ఇదంతా ఎందుకు? బ్యాటరీ మార్చేస్తే సరిపోతుందేమో.”

“ఒక్కసారి మేడమ్. కారణం తెలియకుండా భాగాలు మార్చొద్దని మీరే కదా నాకు చెప్పింది.”

ప్రత్యూష బల్ల అంచును పట్టుకుంది. “అంతా సిద్ధమవుతోంది. నీ పేరు నా పేరు పక్కనే ఉంటుంది,” అంది.

గీత నిటారుగా లేచింది. దాని కింద బిళ్ళ లోపలి స్థితిని తెలిపే వాక్యం ఒకటి ప్రత్యక్షమైంది: *తప్పు విన్నానేమో. మళ్ళీ వింటున్నాను.* అది చెరిగి, అదే వాక్యం మళ్ళీ వచ్చింది. మళ్ళీ. మళ్ళీ. ప్రత్యూష చెవి వెనక చర్మం చురుక్కుమంది.

“ఈ వాక్యం నేనే రాశాను మేడమ్,” అంది హన్విక తెరమీదినుంచి చూపు తిప్పకుండా. “మాటా ఉద్దేశమూ కలవకపోతే, పొరపాటు తనదేనని అనుకోవాలి; పొంతన కుదిరేదాకా మళ్ళీ మళ్ళీ లెక్కగట్టాలి. యంత్రం కదా, వినడంలో తప్పు ఉంటుంది గానీ మనిషి చెప్పడంలో ఎందుకుంటుందనుకున్నాను. మీరు కూడా చదివి బాగుందన్నారు.”

నిజమే. ఆ నియమాన్ని ప్రత్యూష శ్రద్ధగా పరిశీలించి ఆమోదించింది. గాలిహోరు, చెమట, జలుబు, పళ్ళు కొరకడం, ఇలా పొరపాటుకు దారితీసే కారణాలన్నీ ఆమె స్వయంగా చేర్చింది. మనిషి అనుకున్నది ఒకటి, అన్నది మరొకటి అయ్యే సందర్భం ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. తట్టకపోవడానికి ఆమె విషయంలో అమాయకత్వం కారణం కాదు. అది ఆమెకు ఊపిరి పీల్చినంత అలవాటు.

“కానీ ఇక్కడ హోరేమీ లేదు,” అంది హన్విక నెమ్మదిగా. “మాట స్పష్టంగానే అందింది. సంకల్ప సంకేతమూ స్పష్టంగానే అందింది. రెండూ స్పష్టంగా ఉండి...”

ఆమెకు అప్పటికి షాపులో చీరలు చూపించే చరణ్‌తేజ గుర్తుకు వచ్చి ఉంటాడు. దున్నపోతా అని అరిచే జోసెఫ్ మాస్టారూ గుర్తుకు వచ్చి ఉంటాడు.

ప్రత్యూష బిళ్ళను లాగి బల్లమీద పెట్టింది. చెవి వెనక ఎర్రని గుండ్రటి మచ్చ మిగిలింది.

“అది తప్పు వినలేదమ్మా,” అంది.

“దరఖాస్తు పంపించేశారా మేడమ్?”

“పోయిన వారం.”

“ఒక్క పేరుతోనా?”

ప్రత్యూష తల ఊపింది. ముప్పై ఏళ్ళలో తన పేరు మీద మాత్రమే నిలిచిన వస్తువు ఒక్కటీ లేదని, ఇదే చివరి అవకాశమని చెప్పాలనుకుంది. అవన్నీ నిజాలే. ఇప్పుడు బిళ్ళ పెట్టుకుని చెప్పినా అది చల్లగానే ఉంటుంది. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమె సిగ్గుతో తలవంచుకుంది. అబద్ధం చెప్పినందుకు కలిగిన సిగ్గు కంటే, ఆ అబద్ధం మోయలేక ఒక చిన్న బిళ్ళ రోజూ తనను తానే తప్పుపట్టుకుంటూ కాలిపోయిందన్న సిగ్గు ఆమెను ఎక్కువగా కుంగదీసింది. హన్విక కూడా ఇందాక అదే చేసింది, సారీ చెప్పింది.

హన్విక గాజుపెట్టె తెరిచి, అలవాటు కొద్దీ తన బిళ్ళను చెవి వెనక పెట్టుకుంది. అది పెట్టుకున్న నాటినుంచీ ఒక్కసారి కూడా వేడెక్కని బిళ్ళ.

“పర్లేదు మేడమ్,” అంది.

తెరమీద రెండో గీత లేచింది. *తప్పు విన్నానేమో. మళ్ళీ వింటున్నాను.*

ఇద్దరూ దాన్ని చూశారు. హన్విక చేయి చాపి తెరను ఆర్పేసింది.

ప్రత్యూష ఆ సాయంత్రమే దరఖాస్తును సవరించమని కోరింది. సవరణ అంగీకరించారు, హన్విక పేరు ముందు వచ్చింది. ప్రత్యూష చేయగలిగినదంతా అదే. యంత్రాన్ని ఏం చేయాలన్న సమస్య మాత్రం మిగిలి ఉంది.

తరువాతి ఫిర్యాదుల రోజున ఆమె హాలులో ఉన్నవాళ్ళకు ఛార్జి ఎందుకు అయిపోతోందో దాచకుండా చెప్పింది. చరణ్‌తేజ చెవి వెనక రుమాలును మెల్లగా జేబులో పెట్టుకున్నాడు.

“రెండు మార్గాలున్నాయి,” అంది ప్రత్యూష. “మొదటిది, బిళ్ళకు అసలు సంగతి నేర్పడం. అప్పుడది మళ్ళీ మళ్ళీ వినదు. మీరు అన్నది మీరు అనుకున్నది కాదని మీ చెవిలో, మీకు మాత్రమే వినబడేలా ఒక్కసారి చెబుతుంది. వేడెక్కదు, ఛార్జి తగ్గదు. రెండోది, ఇంకా మందమైన బిళ్ళ. పెద్ద బ్యాటరీ, వేడి బయటికి తెలియని తొడుగు. బరువుగా ఉంటుంది, చెవి కొంచెం ముందుకు వాలుతుంది.”

“నాకు మాత్రమే వినపడుద్దాండీ?” అన్నాడు చరణ్‌తేజ.

“మీకు మాత్రమే.”

అతను ఆలోచించాడు. “పెద్దదే ఇచ్చేయండి మేడమ్ గారూ.”

చేతులు ఒక్కొక్కటిగా లేచాయి. జోసెఫ్ మాస్టారు చేయీ లేచింది.

“మీకెందుకండీ మాస్టారూ, మూడ్రోజులొస్తోందిగా?” అంది ప్రత్యూష.

“మా అమ్మాయి పెళ్ళి మాటలు మొదలెట్టామండి,” అన్నాడాయన నేలచూపులు చూస్తూ.

ఈసారి హాలులో ఎవరూ నవ్వలేదు. మొదటి మార్గానికి ఎవరైనా ఉన్నారా అని అడగడం పద్ధతి కాబట్టి ప్రత్యూష అడిగింది. ఎవరూ లేరు. పరిశోధనశాల తరఫున ఆమె అభిప్రాయం కూడా నమోదు కావాలి. పక్కన కూర్చున్న హన్విక వైపు చూడకుండా ఆమె తన చేయి కూడా ఎత్తింది. చెయ్యి ఎత్తాక చూస్తే, హన్విక చేయి అప్పటికే లేచి ఉంది.

మందపు బిళ్ళలు దేశమంతటా అమ్ముడుపోయాయి. బస్సుల్లో తడి రుమాళ్ళు కనిపించడం మానేశాయి. పదవీ విరమణ నాడు ప్రత్యూష తన గది తాళం ఇవ్వడానికి హన్విక కొత్త ప్రయోగశాలకు వెళ్ళింది. ఇద్దరి కుడిచెవులూ కొంచెం ముందుకు వాలి ఉన్నాయి.

“నీకింకా నామీద కోపం ఉందా, హన్వీ?”

“అయ్యో, అదెప్పుడో మర్చిపోయాను మేడమ్. కూర్చోండి, టీ తెప్పిస్తాను.”

వీడ్కోలు చెబుతున్నట్టుగా ప్రత్యూష ఆ అమ్మాయి తల నిమిరి, చెవి వెనక వేళ్ళు ఆనించింది. తొడుగు చల్లగా ఉంది. దాని లోపల ఏం జరుగుతోందో తెలుసుకునే వీలు లేకుండా ఆ తొడుగు ఎంత మందం ఉండాలో లెక్కగట్టింది తానే.