ముక్కలమ్మ

పెళ్ళయిన పదహారేళ్ళలో భర్త గొంతు లేవడం ఆమెకి కొత్త కాదు. ఇవాళ అతను అరవలేదు. అందుకే ఆమెకి ఎక్కువ భయమేసింది.

అద్దాల షాపు మధ్యలో, మంగలి కొత్త దుకాణానికి సాయంత్రంలోగా బిగించాల్సిన నిలువెత్తు అద్దం ముక్కలై నేలంతా పరుచుకుని ఉంది.

"బల్ల మీంచి దించుతుంటే చెయ్యి జారిందండీ..." అంది ఆమె.

పది నెలలుగా ఆ మాట నోటికి ఎంత అలవాటైపోయిందంటే, ఎవరు కుశలమడిగినా అదే వచ్చేలా ఉంది. ఫోటోల అద్దాలు, కిటికీ అద్దాలు, అల్మారా తలుపు... అన్నీ ఆమె చేతిలోంచే జారాయి! పక్కనున్న తాళాల షాపాయన ఆమెకి ముక్కలమ్మ అని పేరు పెట్టాడు. వీధంతా అదే పిలుపు. చివరికి కన్నకూతురు కూడా, అమ్మకి స్టీలు గ్లాసు తప్ప ఇంకేదీ ఇవ్వొద్దని తండ్రికి చెప్పి పడిపడి నవ్వింది. ఆమె కూడా నవ్వి, వంటింట్లోకి పోయి, కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. ఇంటి పరువు మోసే ఆడదానికి ఇంట్లోవాళ్ళు చేసే సన్మానం ఎప్పుడూ ఇంతే!

మూలన స్టూలు మీద మామగారు రెండు చేతులూ తొడల కింద దాచుకుని కూర్చున్నారు. నలభై ఏళ్ళు అద్దం కోసిన చేతులవి. అవి వణకడం మొదలైన రోజున చూసింది ఆమె ఒక్కతే. ఆయన ఏమీ అడగలేదు. చేతిలోని, అద్దం కోసే వజ్రపు మొన కలం వంకా, ఆమె వంకా చూశారంతే. అత్తగారు పోయాక ఆ ముసలాయన ముద్ద మింగిందీ, మనిషిలా మాట్లాడిందీ ఆ బల్ల ముందే. కలం లాగేసుకుంటే ఆయన మంచం పడతారని ఆమెకి తెలుసు.

"రేపట్నుంచి నువ్వు షాపులోకి రావద్దు," అన్నాడు భర్త. "బల్ల దగ్గర నాన్న ఒక్కడే ఉంటాడు."

ఆమె అతని ముందుకి వచ్చింది. తను లేకపోతే, పగిలే మొదటి అద్దంతోనే అంతా బయటపడుతుంది. ఇన్నేళ్ళలో తన కోసం ఏదీ అడగని మనిషి, ఒక్కసారికి వదిలెయ్యమని బతిమాలింది. ఎన్ని ఒక్కసార్లు అంటూ అతను వంగి ముక్కలేరసాగాడు.

ఒక ముక్క దగ్గర అతని చెయ్యి ఆగింది. వెలుతురుకి పట్టి చూశాడు. కిందపడిన అద్దానికి దెబ్బ తగిలినచోట చుక్క ఉంటుంది, చీలికలన్నీ అక్కణ్ణుంచే పుడతాయి. దీనికి ఆ చుక్క లేదు. అంచు జానెడు దూరం నున్నగా పోయి, అక్కడినుంచి రంపంపళ్ళలా తిరిగింది. అంచు వెంట కలం గీసిన తెల్లటి గీత... వానపాములా వంకర్లు పోయింది.

"ఇది పడి పగల్లేదు. కోస్తుంటే పగిలింది. ఎవరు కోశారు?"

"నేనేనండీ. నేర్చుకుందామని..."

అతను బల్ల మీది కలం తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఏదీ, పట్టుకో."

ఆమె దాన్ని కూర కలిపే గరిటెలా పట్టుకుంది.

మూలనుంచి స్టూలు కిర్రుమంది. "ఇటివ్వమ్మా. దాన్నట్లా పట్టుకోరు," అన్నారు మామగారు. కలం అందుకుని బల్ల మీది గాజుకి ఆనించారు. మొన టకటకమని కొట్టుకుంది. ఆయన ఆపాలని చూశారు. ఆగలేదు. ముగ్గురూ ఆ చప్పుడే వింటూ నిలబడ్డారు.

"ఎన్నాళ్ళనుంచి నాన్నా?"

"మీ ఆవిడ చెయ్యి జారడం మొదలైనప్పట్నుంచి."

అంతలో తాళాల షాపాయన గుమ్మంలోంచి తల పెట్టాడు. ముక్కలమ్మ మళ్ళీ ప్రతాపం చూపించిందా అని అడిగాడు.

భర్త తండ్రి వంక చూశాడు. భార్య వేళ్ళకి అడ్డంగా, నిలువుగా ఉన్న పాత గాట్ల వంక, జన్మలో మొదటిసారన్నట్టు, చూశాడు.

"లేదు," అన్నాడు. "ఇవాళ నా చెయ్యి జారింది."

తాళాల షాపాయన వెళ్ళిపోయాక, భర్త బీరువా వెనకనుంచి కొత్త అద్దం తెచ్చి బల్ల మీద పరిచాడు. తండ్రి చేతిలోంచి కలం మెల్లగా తీసి భార్యకిచ్చాడు.

"పట్టుకోవడం నేర్పు నాన్నా. సాయంత్రంలోగా అయిపోవాలి."

మామగారి వణికే వేళ్ళు ఆమె వేళ్ళని సర్దుతుంటే, అద్దంలో ఆమెకి ముగ్గురి ముఖాలూ మసకగా కనబడ్డాయి. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.