నేల తాకని స్టెప్నీ

మా ఇంటి బండి చిన్నది అల్లుళ్ళూ. చిన్నదంటే మరీ చిన్నది. లోపల ఒక మంచం, ఒక పొయ్యి, ముఖం కడుక్కునే తొట్టి, మీ అత్త. ఆ నలుగురూ సర్దుకోగా మిగిలిన జాగాలో కూర్చుని నేను డ్రైవింగ్ చేస్తాను.

రిటైరయ్యాక ఊళ్ళు తిరగాలని ముచ్చటపడి కొన్నాం దాన్ని. కొన్న రోజున నాలుగు టైర్లూ చూశాను, వెనక్కి వెళ్ళి చూశాను, వంగి కింద కూడా చూశాను. "స్టెప్నీ ఏదండీ?" అని అడిగితే అమ్మినాయన నవ్వి ఒక జిగురు సీసా, అరచేతంత గాలి పంపు నా చేతిలో పెట్టాడు. ఇప్పటి బండ్లకి అంతేనట. పంక్చరైతే జిగురు పోసి, గాలి కొట్టుకుని పోవడమేనట.

బస్సు డిపోలో టైర్ల విభాగంలో ముప్పై ఒక్క ఏళ్ళు చేసినవాణ్ణి నేను. స్టెప్నీ లేని బండి ఎక్కడమంటే గోచీ లేకుండా చెరువులో దిగడమే. దిగొచ్చు. బయటికి రావడమే కష్టం.

సరే, ఎక్కడ తగిలించాలి? బండి కింద తగిలిద్దామంటే నీళ్ళ ట్యాంకు అడ్డం. పైకప్పు మీద పెడితే, ఇరవై ఎనిమిది కేజీల చక్రాన్ని వానలో నిచ్చెన మీంచి దించేదెవరు? మంచం కింద పెడదామంటే మీ అత్త ఒప్పుకోలేదు. "రబ్బరు వాసనతో ముప్పై ఒక్క ఏళ్ళు కాపురం చేశాను. ఇక మంచం కింద దుప్పట్లుంటాయి, అంతే," అంది. వెనక తలుపుకి బిగిస్తే ఆ బరువుకి తలుపు వాలిపోతుంది. అందుకని చట్రానికే ఒక ఇనప చెయ్యి వెల్డింగు చేయించి తలుపు వెనక నిలబెట్టాను. గొళ్ళెం తీస్తే చెయ్యి పక్కకి తిరుగుతుంది, తలుపు తెరుచుకుంటుంది. చెప్పుకోకూడదు గానీ, ఆ పని చూసి నాకు నేనే ముద్దొచ్చాను.

ఇక చక్రం కావాలి. తుప్పు బావ దగ్గరికి వెళ్ళాను. మా పెదనాన్న అల్లుడు. పాత బండ్లు విప్పి, పనికొచ్చే ముక్కలు అమ్ముతాడు. చొక్కా నుంచి కనుబొమ్మల దాకా తుప్పు రంగే, అందుకే ఆ పేరు. అతని షెడ్డులో గోడకి, అన్ని చక్రాలకీ ఎడంగా, ఒకటి కొక్కేనికి వేలాడుతోంది. మా బండి రకమే. టైరు మీద కొత్త సరుక్కి ఉండే సన్నటి రబ్బరు వెంట్రుకలు ఒక్కటీ అరగలేదు. అంటే అది ఒక్కసారి కూడా రోడ్డు మీద దొర్లలేదు.

"అది కాకుండా ఏదైనా తీసుకో బావా," అన్నాడు.

"ఏం, రిమ్ము వంగిందా?"

"వంగలేదు. మూడుసార్లు అమ్మాను. మూడుసార్లూ పొద్దున్నే మా గేటుకి వేలాడుతూ ఉంది. డబ్బు వాపసిమ్మని మాత్రం ఎవరూ రాలేదు. అదే నాకు నచ్చంది."

నెమ్మదిగా లాగితే సంగతి చెప్పాడు. దాని డ్రైవరు కొండ దారిలో పంక్చరై దిగాడట. పొగమంచు. బండి వెనక నిలబడి స్టెప్నీ దించుతుంటే వెనక నుంచి ఏదో వాహనం వచ్చి గుద్ది, ఆగకుండా పోయిందట. జనం వచ్చేసరికి చక్రం ఇంకా ఆయన చేతుల్లోనే ఉందట. నేల తాకలేదట.

"దెయ్యాలు గాల్లో పోతాయి కదా బావా, వాటికి టైరెందుకు?" అని నవ్వి, చక్రం దొర్లించుకుంటూ తెచ్చేశాను. దొర్లించుకుంటూ అన్నాను గానీ, నిజానికి బావ దాన్ని నేల మీద పెట్టనివ్వలేదు. ఇద్దరం మోసుకొచ్చాం. ఆ డ్రైవరు కథ మీ అత్తకీ నవ్వుతూనే చెప్పాను.

మీకొక పద్ధతి చెప్పాలి. డిపోలో బస్సు కదిలే ముందు ఇనప రాడ్డుతో ప్రతి టైరునీ ఒక దెబ్బ కొడతాం. గాలి నిండుగా ఉంటే ఠంగుమంటుంది. తగ్గితే ధబ్బుమంటుంది. డ్రైవరు వైపు ముందు చక్రంతో మొదలుపెట్టి, ముందు నుంచి చుట్టి, అవతలి వైపు రెండూ, మళ్ళీ ఇవతల వెనకది, ఆఖరున స్టెప్నీ. ఈ వరస తప్పకూడదు. ఇంటి బండికీ నేనదే చేస్తాను. ఐదు దెబ్బలు. మీ అత్త లోపల్నుంచి, "అయిందా పూజ?" అంటుంది.

ఆ వారమే కబురొచ్చింది. కొండకి అవతల ఉన్న మా వదినకి, అంటే మీ అత్త అక్కకి, మర్నాడు పొద్దున్న ఎనిమిదికి గుండె ఆపరేషన్. ఒక కుట్టుమిషను గురించి అక్కచెల్లెళ్ళకి పదకొండేళ్ళుగా మాటల్లేవు. ఇప్పుడు ఆవిడ, చెల్లి మొహం చూడందే ఆపరేషన్ గదిలోకి పోను అని డాక్టర్లతో తెగేసి చెప్పిందట. మీ అత్త ఆ ఫోను పెట్టేసి, ఏడవలేదు. "బండి తియ్యండి," అంది.

దెయ్యాలు అర్ధరాత్రే వస్తాయని ఎవరన్నారో గానీ, నాది సాయంత్రం నాలుగున్నరకి వచ్చింది. పక్కా డ్యూటీ టైము.

కొండెక్కుతుంటే మంచు దిగింది. ముందు చెట్లు పోయాయి, తర్వాత రోడ్డు అంచు పోయింది, తర్వాత మా బండి ముక్కు కూడా పోయింది. తడి ఆకుల వాసన. కిటికీ అద్దం మీద నీటిబొట్లు జారడం తప్ప చప్పుడు లేదు. ఒక మలుపు తిరిగామో లేదో బండి ఎడమ వైపుకి ఒరిగింది. వెనక టైరు. నాకు తెలియదా ఆ ఒరగడం.

ఇంజను ఆపి, కాళ్ళ దగ్గరున్న పెట్టెలోంచి జాకీ తీస్తున్నాను. మీ అత్త పక్కనే టార్చి పట్టుకుని ఉంది. అప్పుడు బయట...

ఠంగ్.

నా వైపు ముందు చక్రం.

మెల్లగా, బండి ముందు నుంచి చుట్టి... ఠంగ్. అవతల ముందుది. అడుగుల చప్పుడు లేదు. ధబ్. పంక్చరైనది. కాసేపు ఆగి... ఠంగ్. ఇవతల వెనకది.

"ఎవరో సాయానికొచ్చారు," గొణిగింది మీ అత్త.

ఠంగ్. స్టెప్నీ.

ఆ వరస మా వాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. దిగి చూశాను. ఎవరూ లేరు. నా రాడ్డు తలుపు పక్క కొక్కేనికే వేలాడుతోంది. పట్టుకుంటే వెచ్చగా ఉంది.

భయం వేసిందా అంటే వేసింది. కానీ పొద్దున్న ఎనిమిది గంటల మాట ఒకటుంది కదా. భయపడ్డానికి రేపు బోలెడంత టైముంది అనుకుని, ముందు చక్రాలకి రాళ్ళు పెట్టి, నట్లు వదులు చేసి, జాకీ ఎక్కించి, స్టెప్నీ దగ్గరికి వెళ్ళాను.

ఇనప చేతికి చక్రాన్ని బిగించిన మూడు నట్లూ ఎవరో విప్పేశారు. వీల్ కప్పు వెల్లకిలా పెట్టి, అవి దొర్లిపోకుండా అందులో వేశారు. పని తెలిసినవాడు చేసే పద్ధతి. కాలిన బ్రేకుల వాసన వస్తోంది.

రెండు చేతులా పట్టుకుని లాగాను. రాలేదు. ఎక్కడా పట్టేయలేదు... ఎవరో పట్టుకున్నారు. నేను లాగితే ఒక వేలెడు వస్తుంది. వదిలితే ఒక వేలెడు వెనక్కి పోతుంది. చక్రానికి అవతల, నా మొహానికి జానెడు దూరంలో, ఊపిరి.

"నేను... వేస్తా..."

చెవిలో కాదు. రబ్బరులోంచి వచ్చినట్టుంది.

నాకు ఒళ్ళు మండింది. నిజం చెబుతున్నాను. "చూడు నాయనా," అన్నాను. "నీకు జరిగింది అన్యాయమే. కాదనను. కానీ ఇది నా బండి. ఇది నేను మోసుకొచ్చిన స్టెప్నీ. ముప్పై ఒక్క ఏళ్ళలో నా చేతి కింద టైరు వేరేవాడు వెయ్యలేదు. నువ్వూ వెయ్యవు. కావాలంటే నట్లు అందించు. వదులు."

వదల్లేదు.

అప్పుడు వినిపించింది. వెనక, మంచులో, ఎక్కడో కింద మలుపు దగ్గర... ఇంజను. పెద్ద బండి. గేరు మార్చింది. వస్తోంది. లైట్లు లేవు.

నేను చేసిన తప్పు అప్పుడు తెలిసింది. దారిలో బండి ఆగితే ఎవడైనా ముందు వెనక నాలుగు కొమ్మలో రాళ్ళో పెడతాడు, వచ్చేవాడికి తెలియాలని. నేను పెట్టలేదు. నా ముప్పై ఒక్క ఏళ్ళూ డిపో గోడల మధ్యే. వెనక నుంచి బండి వస్తుందన్న ఆలోచన డిపోవాడికి రాదు. ఆ డ్రైవరు నిలబడ్డ చోటే, ఆయన నిలబడ్డట్టే, అదే చక్రం చేతుల్లో పెట్టుకుని నిలబడ్డాను.

చక్రం వదిలేసి గట్టెక్కితే నేను బతుకుతాను. దీన్ని నాకు ముందు కొన్న ముగ్గురూ అదే చేసి ఉంటారు. చక్రం దాని దారిన గేటు చేరి ఉంటుంది. కానీ స్టెప్నీ లేకుండా, ఆ జిగురు సీసాని నమ్ముకుని ఈ కొండ మీంచి ఎలా దిగేది? వదిన ఎవరి మొహం చూసేది?

"వదలను," అన్నాను. "రానీ."

"మీరక్కడే ఉండండి."

మీ అత్త గొంతు. నా పక్క నుంచి నడిచి వెనక్కి, ఆ చప్పుడుకి ఎదురుగా పోతోంది. ఒక చేతిలో టార్చి. ఇంకో చేతిలో పొయ్యి దగ్గర తుడుచుకునే ఎర్ర తువ్వాలు.

"ఏమే, ఇటు రా..."

"మీ పని మీరు చూసుకోండి. కొమ్మలు పెట్టడం ఎలాగూ మర్చిపోయారుగా."

మంచులో కలిసిపోయింది. ఎర్ర మరక ఒకటే, అటూ ఇటూ ఊగుతోంది. ఇంజను చప్పుడు పెరిగింది... పెరిగింది... నా పళ్ళు అదిరాయి. వీల్ కప్పులో నట్లు గలగలమన్నాయి. హారన్...

ఆగింది.

ఒక్కసారిగా. బ్రేకు కీచుమనలేదు. ఉన్న చప్పుడు లేకుండా పోయింది.

చక్రం నా చేతుల్లోకి వచ్చేసింది. దూదిలా తేలిగ్గా.

మీ అత్త తిరిగొచ్చింది. మొహమంతా చెమట, ఆ చలిలో. "ఏదో నా ముందు ఆగిందండీ," అంది. "ఇంజను వేడి మొహానికి కొట్టింది. చెయ్యి చాపి చూశాను. ఏమీ లేదు." తువ్వాలుతో మొహం తుడుచుకుని, "ఆ రోజు ఆయన వెనక ఎవరూ నిలబడలేదు. అంతే," అంది.

ఆ చక్రం మొదటిసారి నేల తాకింది అప్పుడే. తాకినప్పుడు ఎవరో బరువు దించుకున్నట్టు ఒక నిట్టూర్పు వినిపించింది. గాలి అనుకోండి, మీ ఇష్టం. పన్నెండు నిమిషాల్లో మార్చేశాను. నట్టు కోసం వెనక్కి చెయ్యి చాపితే ప్రతిసారీ అరచేతిలో నట్టు పడింది. మీ అత్త అందిస్తోందనుకున్నాను. ఆవిడ ఎదురుగా టార్చి పట్టుకుని ఉందని ఆఖరి నట్టుకి గమనించాను. తల తిప్పలేదు. "థాంక్సండీ," అని బిగించాను.

రాత్రి భోజనాల వేళకి ఆస్పత్రి చేరాం. దారిలో టైరు మార్చామని చెబితే, వదిన మంచం మీంచే చెల్లిని ఎగాదిగా చూసి, "టైరు మార్చుకోవడానికి పదకొండేళ్ళు పట్టిందా?" అంది. ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. పొద్దున్న ఎనిమిదికి ఆవిడ నవ్వుకుంటూ లోపలికి పోయింది. బయటికీ క్షేమంగా వచ్చింది.

వదిన లోపలున్న ఆ నాలుగు గంటలూ చేతులు ఊరుకోక, ఆస్పత్రి ఆవరణలో బండి చుట్టూ తిరిగి నా దెబ్బలు కొట్టాను. ఠంగ్, ఠంగ్, ఠంగ్, ఠంగ్. ఇనప చేతికి తగిలించిన పంక్చరు టైరు, ధబ్. ఐదు. రాడ్డు కొక్కేనికి తగిలించాను.

ఠంగ్.

బండి లోపల్నుంచి. మంచం కింద నుంచి. తలుపు తీసి, దుప్పట్లన్నీ బయటికి లాగి చూశాను. దుప్పట్లే.

అప్పట్నుంచి రోజూ ఇంతే. నేను ఐదు కొడతాను, ఆరోది లోపల్నుంచి పలుకుతుంది. బావకి ఫోన్ చేస్తే, "తెచ్చి నా గేటు ముందు పడెయ్ బావా, నేనేమీ అనుకోను," అన్నాడు. పడెయ్యనని చెప్పాను. పనోడు, వరస తెలిసినవాడు, ఉంటే ఉండనీ. మీ అత్త కూడా, "ఈయన పూజకి ఇంకొకరు తోడయ్యారు," అని ఊరుకుంది. పంక్చరు వేయించి ఐదో టైరునీ బాగుచేశాను.

రేపు వదినని డిశ్చార్జ్ చేస్తున్నారు. కోలుకునే దాకా మా ఇంట్లోనే. అదే కొండ దారి. ఇంకో దారి లేదు. ఆవిడని ఆ మంచం మీదే పడుకోబెట్టాలి. ఎర్ర తువ్వాలు ఉతికి ఆరేసి ఉంది. నాలుగు ఎండుకొమ్మలు కూడా కట్టగట్టి పెట్టాను, ఈసారి మర్చిపోను. ఎవరడ్డమొచ్చినా వెళ్ళి తీరతాం.

రేపటి ప్రయాణం కోసం ఇందాకే టైర్లన్నీ కొట్టి చూసొచ్చాను. ఐదూ నిండుగా ఠంగుమన్నాయి.

మంచం కింద పలికే ఆరోది మాత్రం, మొదటిసారి, ధబ్ అంది.