పెనుకొండ దాకా మోసిన సీపీయూ

ఆదివారం మధ్యాహ్నం. ధర్మవరంలో బయలుదేరిన రైలు హిందూపురం వైపు పరుగెడుతోంది. కిటికీ పక్కన కూర్చున్న హనుమంతరాయుడి ఒళ్ళో, తెల్ల పంచెలో చుట్టిన బరువైన వస్తువొకటి ఉంది.

ఎదురుసీటు మనిషి దానివైపే చూస్తున్నాడు.

"ఏముండాదన్నా అందులో?"

"ఈ పొద్దు చెప్పకూడదు," అన్నాడు హనుమంతరాయుడు.

ఎదురుసీటు మనిషి తన సంచి తీసుకుని పక్క పెట్టెలోకి వెళ్ళిపోయాడు.

"కంప్యూటర్ అని చెప్తే ఏం పోతుంది నాయనా?" అంది పక్కనున్న వైష్ణవి, పళ్ళు బిగించి.

"అమావాస్య పూట మగ్గం పేరెత్తకూడదు."

"ఇది మగ్గం కాదు."

"మనింట్లో చీరకు పనికొచ్చేదంతా మగ్గమే."

హనుమంతరాయుడి ఇంట్లో అమావాస్య నాడు మగ్గం ముట్టరు. ఆయన తాత ముట్టలేదు, తండ్రి ముట్టలేదు. వైష్ణవి చీరల డిజైన్లు గీయడానికి కంప్యూటర్ కొన్నప్పుడు దానికీ అదే చట్టమన్నాడు. నిన్న సాయంత్రం పంచాంగం చూసి, అమావాస్య ఘడియ రాగానే ప్లగ్గు పీకేశాడు.

సరిగ్గా అప్పుడే కంప్యూటర్ అప్‌డేట్ అవుతోంది. దయచేసి ఆపవద్దు అని తెర మీద ఇంగ్లిషులో ఉంది. తెలుగులో ఉన్నా ఆయన పీకేవాడే.

తెల్లవారుజామున నాయన లేవకముందు వైష్ణవి దొంగతనంగా ఆన్ చేసి చూసింది. నల్ల తెర. నీలి తెర. మళ్ళీ నల్ల తెర. అంతే.

లోపల ఉన్నది కొత్తచెరువు పెళ్ళికూతురి చీర. అంచు, కొంగు, బుట్టాలు అన్నీ వైష్ణవి సొంతంగా గీసిన మొదటి పెళ్ళి చీర. రేపు పొద్దున్నే ఆ డిజైన్‌ను, మగ్గానికి తగిలించే జకార్డ్ అట్టలకు రంధ్రాలు కొట్టేచోట ఇవ్వాలి. ఇవ్వకపోతే ఏమవుతుందో నాయన ముందే తేల్చేశాడు.

"కంప్యూటర్ అమ్మేద్దాం. డిజైన్లు బెంగుళూరు నుంచి తెప్పించుకుందాం. నువ్వు దారం కండెలు చుట్టుకో."

తెల్లవారగానే వైష్ణవి హిందూపురానికి ఫోన్ కొట్టింది. అవతల వీరేష్. డిజైన్ సాఫ్ట్‌వేర్ అమ్మిన షాపులో సర్వీసు చూసేది అతనే. ఎనిమిది నెలలుగా ఇద్దరూ ఫోన్‌లో పోట్లాడుకుంటున్నారు. ముఖాలు మాత్రం చూసుకోలేదు.

"సార్, మీ సాఫ్ట్‌వేర్ చచ్చిపోయింది."

"సాఫ్ట్‌వేర్ చావదు మేడమ్. కంప్యూటర్ ఏమంటాండాది?"

"ఏమీ అనడంలే. మీకంటే అదే నయం."

వీరేష్ వివరాలన్నీ విన్నాడు. "సేఫ్ మోడ్‌లోకి తీసుకుపోవాల. అనవసరమైనవన్నీ పక్కనబెట్టి, అత్యవసరమైనవాటితో మాత్రమే లేస్తుంది. అప్పుడు మీ డిజైన్ బయటికి తీయొచ్చు."

"ఎట్ల తీసుకుపోవాల?"

అవతల వీరేష్ గొంతు సవరించుకున్నాడు.

"అది ఫోన్‌లో కుదరదు మేడమ్. నేనే చూడాల. ధర్మవరం వస్తా."

"వచ్చి ఏం చేస్తారు? అమావాస్య. మా ఇంట్లో ఆన్ చేయనీరు."

"అయితే సగం దూరం మీరు రాండి, సగం దూరం నేనొస్తా. పెనుకొండ."

హనుమంతరాయుడు ఈ ప్రతిపాదన మీద చాలాసేపు ఆలోచించి తీర్పు చెప్పాడు. "గడప దాటితే అది మగ్గం కాదు, లగేజీ. కానీ నేనూ వస్తా. చేత్తో ముట్టకుండా పంచెలో చుట్టు."

పెనుకొండలో దిగేసరికి వాన.

రాయలసీమ వాన అడిగినప్పుడు రాదు. కంప్యూటర్ మోసుకొచ్చినప్పుడు వస్తుంది. హనుమంతరాయుడు పంచె మూటను గుండెకు హత్తుకుని స్టేషన్ బయటికి నడిచాడు. ఎక్కడి నుంచి వచ్చాడో, ఒక కుర్రవాడు దూసుకొచ్చాడు. మెడలో కేబుల్. చొక్కా కింద పొడుగ్గా ఏదో దాచాడు. మూటను లాక్కుని ఎదురుగా ఉన్న టీ హోటల్లోకి పరుగెత్తాడు.

"దొంగ! దొంగ!" అని అరిచాడు హనుమంతరాయుడు.

హోటల్లో నలుగురు లేచి ఆ కుర్రవాణ్ణి పట్టుకున్నారు. ఒకాయన చొక్కా లాగితే కీబోర్డ్ కింద పడింది.

"నేను దొంగను కాదు! తడుస్తాందని తెచ్చినా! వైష్ణవి మేడమ్ యాడుండారు?"

తడిసిన జడను వెనక్కి విసిరి వైష్ణవి గుమ్మంలో ఆగిపోయింది. ఆ గొంతు ఆమెకు తెలుసు. ఆ గొంతుకు యాభై ఏళ్ళు, బట్టతల, కళ్ళద్దాలు ఉంటాయని ఆమె లెక్క. ఒక్కటీ కలవలేదు.

"వీరేష్ సార్ మీరేనా?"

"మీరేనా మేడమ్?"

"ముందు నా లగేజీ ఇయ్యప్పా," అన్నాడు హనుమంతరాయుడు.

హోటల్ యజమాని సాబ్జాన్‌కు విషయమంతా చెప్పి, వీరేష్ గోడ మీదున్న పెద్ద టీవీ చూపించాడు. "అన్నా, మానిటర్ లేదు. దానికి కలుపుకుంటాం."

"మ్యాచ్ నడుస్తాండాది గదప్పా!"

"ఒక పెళ్ళికూతురి చీరన్నా," అంది వైష్ణవి.

సాబ్జాన్ టీవీ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "మనోళ్ళు ఎట్లనూ ఓడిపోతారు. కలుపుకోండి."

మ్యాచ్ మాయమైంది. హోటలంతా ఒక్కసారి గొణిగింది. కానీ బయట వాన. ఎవరూ కదల్లేరు. అందరూ కుర్చీలు తిప్పుకుని కంప్యూటర్ వైపే కూర్చున్నారు. అందరికంటే ముందు కూర్చున్నది ఓబుళప్ప. ఆ పెద్దమనిషి ఊళ్ళో ఏ పంచాయితీకైనా పిలవకుండా వస్తాడు.

"ఇప్పుడేం జేస్తావు?" అని అడిగాడు.

"ఇది సరిగ్గా లేవలేకపోతాంది పెద్దాయనా. లేచేటప్పుడే మధ్యలో బలవంతంగా ఆపాల. అట్ల రెండు మూడుసార్లు చేస్తే, ఏదో తేడా ఉందని దానికే అనుమానమొచ్చి రిపేర్ తెర చూపిస్తుంది."

"లేచేవాణ్ణి లేవనీకుండా తన్నాలంటావు."

"అంతే."

వీరేష్ పవర్ నొక్కాడు. లోగో రాగానే బటన్ అదిమిపెట్టి ఆపాడు. రెండోసారి ఆన్ చేశాడు. లోగో వచ్చింది. అదే క్షణంలో వైష్ణవి చున్నీ కొంగుతో కీబోర్డ్ మీది తడి తుడుస్తూ తలెత్తింది. వీరేష్ వేలు బటన్ మీదే ఉంది. చూపు మాత్రం అక్కడ లేదు.

నీలి తెర వచ్చేసింది.

"ఆపాల్సింది గదా సార్!"

"మీరు చూసినారు."

"నేను చూస్తే మీ వేలికేమైంది?"

వెనక వరసలో ఎవరో దగ్గారు. హనుమంతరాయుడి ముఖం గట్టిపడింది.

మళ్ళీ ఆన్. లోగో. వీరేష్ ఈసారి కళ్ళు మూసుకున్నాడు. వేలు బిగించబోతుండగా వంటగదిలో సాబ్జాన్ కరెంటు పొయ్యి వేశాడు. టప్‌మని శబ్దం. హోటలంతా చీకటి.

"పోయింది! నా చీర పోయింది!" అంది వైష్ణవి. ఈసారి ఆమె గొంతులో పోట్లాట లేదు.

"ఏం కాదు," అన్నాడు వీరేష్. "నేనుండా గదా." మేడమ్ అనడం మర్చిపోయాడు.

సాబ్జాన్ మెయిన్ స్విచ్ ఎత్తాడు. వీరేష్ మళ్ళీ పవర్ నొక్కాడు. కంప్యూటర్ మూలిగింది. తెర మీద సన్నటి అక్షరాలు వచ్చాయి. రిపేర్‌కు సిద్ధమవుతున్నానంటోంది.

"వచ్చింది! నేను ఆపాల్సింది కరెంటే ఆపింది!" అని అరిచాడు వీరేష్. "సాబ్జానన్నా, నీ పొయ్యి చల్లగుండాల!"

"పొయ్యి చల్లగుంటే నా యాపారమేం గానప్పా?"

వీరేష్ ఒక్కో మెట్టూ దిగాడు. ట్రబుల్‌షూట్. అడ్వాన్స్‌డ్. స్టార్టప్ సెట్టింగ్స్. రీస్టార్ట్. అంకెల వరస వచ్చింది.

"నాలుగు నొక్కితే ఉత్త సేఫ్ మోడ్. ఐదు నొక్కితే ఇంటర్నెట్‌తో."

"ఉత్తదే నొక్కు," అన్నాడు ఓబుళప్ప. "ఇంటర్నెట్ వస్తే పిల్లోళ్ళు చెడిపోతారు."

నాలుగు. నల్లటి తెర. నాలుగు మూలల్లో సేఫ్ మోడ్ అనే మాట. అక్షరాలు ఇంతింత లావు.

"కళ్ళద్దాలు లేకుండా కనపడ్తాండాది!" ఓబుళప్ప ఉప్పొంగిపోయాడు. "ఇట్లనే ఉండనీ. మార్చొద్దు."

వీరేష్ జేబులోంచి తీసిన మౌస్‌ను వైష్ణవి అందుకుంది. ఫోల్డర్ తెరిచింది. ఫైలు ఉంది. నొక్కింది. ఒక క్షణం ఏమీ లేదు. ఆ క్షణంలో హోటల్లో ఎవరూ టీ తాగలేదు.

టీవీ నిండా చీర పరుచుకుంది. మిరపపండు ఎరుపు మీద బంగారు అంచు. అంచులో బారుగా చిలకలు. ఒక్కో చిలక మెడ ఒక్కో వైపు తిరిగి ఉంది.

వైష్ణవి దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. ఒకసారి కాదు, రెండు పెన్‌డ్రైవ్‌ల్లోకి. అప్పుడు గాలి పీల్చింది.

హనుమంతరాయుడు లేచి టీవీ దగ్గరకు నడిచాడు. ఇంట్లో ఈ డిజైన్‌ను ఆయన ఎన్నడూ నిలబడి చూడలేదు. అంచు వెంబడి వేలు గాల్లో నడిపాడు.

"బెంగుళూరోళ్ళు చిలకలన్నీ ఒక్క వైపే చూసేటట్టు గీస్తారు," అన్నాడు. "ఇది నేస్తే బాగుంటుంది."

వైష్ణవికి కళ్ళు చెమర్చాయి. ఈలోపు వీరేష్ సగంలో ఆగిన అప్‌డేట్‌ను తీసేసి మామూలుగా ఆన్ చేశాడు. కంప్యూటర్ ఏ రాద్ధాంతమూ లేకుండా లేచింది. చప్పట్లు. ఓబుళప్ప మాత్రం అక్షరాలు చిన్నవైపోయాయని బాధపడ్డాడు.

సాబ్జాన్ టీలు పంచుతూ అడిగాడు. "ఇంతేనా అప్పా? ఆపి, ఆన్ చేసి, నాలుగు నొక్కడమేనా? ఇది ఫోన్‌లోనే చెప్పొచ్చు గదా?"

హనుమంతరాయుడు నెమ్మదిగా తిరిగాడు. "అవును గదప్పా. ఫోన్‌లో కుదరదంటివంట?"

వీరేష్ కేబుల్ చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టిందే మళ్ళీ చుట్టాడు. చివరకు వదిలేశాడు.

"కుదురుతుంది సార్. ఎనిమిది నెలలుగా ఈ గొంతుతో కొట్లాడతాండా. ఫోన్ రాని రోజు అన్నం సయించదు. మనిషిని ఒక్కసారి చూడాలనుకున్నా. అబద్ధం చెప్పినా. ఏమైనా అనండి."

ఆ మాటలు తండ్రికి చెప్పాడు. చూపు మాత్రం కూతురి మీద ఉంది.

"ఏమనేది?" అంది వైష్ణవి, టీ గ్లాసులోకి చూస్తూ. "మీకు ఫోన్ చేయకముందే నేను యూట్యూబ్‌లో చూసినా."

"ఏం చూసినారు?"

"సేఫ్ మోడ్. అంతా వచ్చు నాకు. నాలుగు నొక్కేదాంతో సహా."

హనుమంతరాయుడు కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"నీకు వచ్చా? మరి పక్కింట్లో పెట్టుకుని చేసుంటే సరిపోయేది గదమ్మా! గడప దాటితే చాలంటిని గదా!"

"ఊ."

"ఆయప్పకూ తెలుసు, నీకూ తెలుసు. దీన్ని బిడ్డ మాదిరి ఒళ్ళో పెట్టుకుని, రైలెక్కి, వానలో తడిసి, దొంగ దొంగని అరిచి... నేనెందుకు వచ్చినట్టు?"

"పెళ్ళిచూపులకు," అన్నాడు ఓబుళప్ప. "పిల్ల తండ్రి లేకుంటే ఎట్ల?"

హోటల్ పగలబడి నవ్వింది. హనుమంతరాయుడు నవ్వలేదు. కాసేపటికి మీసం మాత్రం కదిలింది.

"మీ నాయన పేరేమప్పా?"

"గంగాధరప్ప సార్. హిందూపురంలో చింతపండు యాపారం."

"చెడ్డలవాట్లు ఏమైనా?"

"ఉండాయి," అంది వైష్ణవి. "ఫోన్ ఎత్తగానే స్విచ్ వేసినారా అంటాడు."

హనుమంతరాయుడు లేచాడు. కంప్యూటర్‌ను పంచెలో మళ్ళీ చుట్టి, ముడి బిగించి, వీరేష్ చేతుల్లో పెట్టాడు.

"పోయేటప్పుడు నువ్వు మోయి."

"స్టేషన్ దాకానా సార్?"

"ఇంటిదాకా. మా ఇంట్లోవాళ్ళు నిన్ను చూడొద్దా? ఇంకొకటి. సార్ అనొద్దు."

"మరి ఏమనాల?"

"దోవలో ఆలోచించుకో."

స్టేషన్‌లో హిందూపురం వెళ్ళే రైలు కూత వేసి వెళ్ళిపోయింది. వీరేష్ కనీసం తలైనా తిప్పలేదు. ధర్మవరం వైపు ప్లాట్‌ఫారం మీద, వానలో, మూటను గుండెకు హత్తుకుని నడుస్తున్నాడు. వైష్ణవి పరుగున వచ్చి, సాబ్జాన్ ఇచ్చిన గొడుగు అతని తల మీద పట్టింది.

"బరువుగా ఉండాదా?"

"లేదు," అన్నాడు వీరేష్, రొప్పుతూ.